అరగదీయని కట్టుడు పళ్లు

వీధిలో అతన్ని అందరూ పళ్లబ్బాయి అంటారు. వయసు యాభై ఒకటి. జుట్టు సగం ఊడిపోయింది, మిగిలిన సగం నెరిసింది, దగ్గరికొక కళ్లద్దాలు దూరానికొక కళ్లద్దాలు. అయినా పళ్లబ్బాయే. తండ్రి ఇంకా నిక్షేపంలా తిరుగుతుంటే కొడుకుని అబ్బాయి అనక ఏమంటారు? ఆ తండ్రిని స్టాంపు తాతగారు అంటారు. రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై ఆరేళ్లు దస్తావేజుల మీద ముద్రలు గుద్ది, ఆ గుద్దుడు చేతికి అలవాటైపోయి, ఇప్పటికీ ఏ మాటన్నా చివర్లో బల్ల మీద ఒకటి వేస్తాడు.

పళ్లబ్బాయి చేసేది కట్టుడు పళ్లు. డాక్టరమ్మగారి ఆసుపత్రిలో వెనకగది అతనిది. ఒక కిటికీ, ఒక సింకు, అరగదీసే మోటారు, గ్యాసు బర్నరు, అన్నిటి మీదా తెల్లటి ప్లాస్టరు దుమ్ము. డాక్టరమ్మ చిగుళ్ల అచ్చు తీసి పంపిస్తే అతను దాంట్లో ప్లాస్టరు పోసి దవడ తయారుచేస్తాడు. దవడ మీద మైనం పెట్టి, కాల్చిన చాకుతో కాస్త కాస్త కరిగిస్తూ పళ్లు ఒక్కొక్కటే పేరుస్తాడు. పైన పధ్నాలుగు, కింద పధ్నాలుగు. చిన్నప్పుడు తండ్రి కొడుకుని కుర్చీ, బల్ల, తలమీద ఫ్యాను ఉన్న ఉద్యోగంలో చూడాలనుకున్నాడు. అది జరగలేదు. అందుకని ఎవరైనా అడిగితే, "మావాడు మెడికల్ లైనులో ఉన్నాడు" అని మాట మార్చేసేవాడు. కొడుకు ఈ పనిలో చేరిన ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ వెనకగది గుమ్మం తొక్కలేదు. పళ్లబ్బాయికి అది లోపల ముల్లులా ఉండేది గానీ పైకి ఎప్పుడూ అనలేదు.

పోసిన దవడల్ని అతను పారేయడు. గోడ పొడవునా అరల్లో నంబర్లేసి పెట్టుకుంటాడు. తాతల దవడలు, కొడుకుల దవడలు, పళ్ల మధ్య సందులున్నాయని వచ్చిన మనవళ్ల దవడలు. కొన్ని ఇళ్లలో తాతకి చివరి పళ్లు బారుగా ఉంటే మనవడికి అసలు మొలవనేలేదు. ఎందుకలా అని అతన్ని అడిగితే భుజాలెగరేస్తాడు. ఊళ్లో మూడోవంతు దవడలు అతని చేతిలో ఆడినవే. వాటి సంగతులు బయట చెప్పడానికి తన దవడ మాత్రం ఎప్పుడూ ఆడించలేదు.

అతనికి తెలిసిన సత్యం ఒక్కటే. మొదటిరోజు ఏ సెట్టూ సరిపోదు. ఎంత జాగ్రత్తగా చేసినా సరే, ఎక్కడో ఒకచోట నొక్కుతుంది. ఎక్కడ నొక్కుతోందో పెట్టుకున్నవాళ్లే చెప్పాలి. అప్పుడు సెట్టు లోపల తెల్లటి పేస్టు పూసి నోట్లో పెట్టి తీస్తే, నొక్కినచోట పేస్టు చెరిగి అడుగున గులాబీరంగు కనిపిస్తుంది. ఆ చోటు అరగదీయాలి. మళ్లీ పెట్టాలి, మళ్లీ తీయాలి. "మీరు చెప్పాలి, నేను గీకాలి" అని అందరికీ మొదటిరోజే చెప్పి పంపిస్తాడు.

ఈ మాట అక్షరాలా పాటించింది మాస్టారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. వెంట్రుకవాసి తేడా వచ్చినా చేతిసంచీలో సెట్టు వేసుకుని ప్రత్యక్షమయ్యేవాడు. నాలుగు నెలల్లో తొమ్మిదిసార్లు వచ్చాడు. ఏడోసారి డాక్టరమ్మ, "ఆయన్ని చూస్తే నాకే పన్ను నొప్పి వస్తోంది" అని మేడెక్కి వెళ్లిపోయింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఊరు మొత్తంమీద బాగా కుదిరిన కట్టుడు పళ్లు మాస్టారివే. వేరుశనగలు పటపటా నమిలేస్తాడు.

మాస్టారికీ స్టాంపు తాతగారికీ ఇరవై ఏళ్లుగా ఒకటే తగాదా. పొద్దున్నే గ్రంథాలయం ముందున్న బల్ల మీద చేరి పేపరు చదువుతారు. చదివాక మొదలుపెడతారు. మనిషి ఉన్నట్టుండి ఊడిపడలేదు, లక్షల ఏళ్లు మారుతూ మారుతూ వచ్చాడని మాస్టారు. రాసినవాడు లేకుండా దస్తావేజు ఉండదు, చేసినవాడు లేకుండా మనిషి ఉండడని తాతగారు. ఎముకలు దొరికాయని ఈయన, వాటిమీద తేదీ ముద్ర ఉందా అని ఆయన. ఒకరోజు ఒకరు రాకపోతే రెండోవారు పేపరు కూడా సరిగ్గా చదివేవారు కాదు. ప్రతి ఆదివారం ప్రార్థన మందిరంలో తాతగారు అరగంట ఉపన్యాసం ఇస్తాడు. అందులో పాతికనిమిషాలు మాస్టారికి జవాబే. మాస్టారు ఆ మందిరానికి రాడు, అది వేరే సంగతి.

ఇలా ఉండగా డెబ్బై ఎనిమిదో ఏట తాతగారి చివరి మూడు పళ్లూ కదిలి ఊడిపోయాయి. సెట్టు ఎవరు చేయాలన్న ప్రశ్నే లేదు. పళ్లబ్బాయి ఆ ఒక్క సెట్టు కోసం పదిహేడు రోజులు తీసుకున్నాడు. పెట్టెలోంచి తండ్రి పెళ్లినాటి ఫొటో తీసి, భూతద్దం పెట్టి చూసి, పై వరసలో ముందు పన్ను ఒకటి కొంచెం పక్కకి తిరిగి ఉందని గమనించి, దాన్ని అలాగే తిప్పి పేర్చాడు. తండ్రి పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. ఆ పన్ను దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ పట్టుకుని పళ్లబ్బాయి వారం రోజులు బతికాడు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఆదివారం మందిరంలో తాతగారు కొత్త ఉపన్యాసం ఎత్తుకున్నాడు. నా నోట్లో ఇరవై ఎనిమిది పళ్లున్నాయి, ఇవి వాటంతట అవి వచ్చి వరసలో నిలబడ్డాయంటే మీరు నమ్ముతారా అన్నాడు. నమ్మం అన్నారు. చేసినవాడు ఉన్నాడా లేడా అన్నాడు. ఉన్నాడన్నారు. దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేశాడు, ఏడోరోజు విశ్రాంతి తీసుకున్నాడు, విశ్రాంతేగాని మరమ్మతు కాదు అన్నాడు. చేతకానివాడు మారుస్తూ కూర్చుంటాడు, చేతనైనవాడు ఒక్కసారే చేస్తాడు, ఈ పళ్లు పెట్టుకున్ననాడు ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి అని బల్ల మీద ఒకటి వేశాడు. ఉపన్యాసం బ్రహ్మాండంగా పండింది. దాంతో ప్రతి ఆదివారం అదే.

ఇక నొక్కుతోందని ఏ నోటితో చెబుతాడు?

ముందుగా కనిపెట్టింది కోడలు. ఆవిడ కంట్లోంచి ఏదీ తప్పించుకోదు. మామగారు రొట్టె పాలలో ముంచి, కాస్త నానాక కాదు, పూర్తిగా జావయ్యాక తాగుతున్నాడు. వీధిచివర మొక్కజొన్న కంకులు కాల్చే ఆవిడ దగ్గర రోజూ సాయంత్రం ఒక కంకి తినకుండా ఇంటికి రాని మనిషి, ఇప్పుడు అటు వైపు నుంచి రావడమే మానేశాడు. స్నానాలగదిలో గడియ పెట్టుకుని పుక్కిలిస్తున్నాడు. ఉప్పు డబ్బా వారానికే ఖాళీ అవుతోంది.

"ఏమండీ, మామయ్యగారి నోరు పుండైంది. ఆయన చెప్పరు, మీరు అడగరు. ఇద్దరూ ఇద్దరే" అంది ఆవిడ.

అడగక కాదు, పళ్లబ్బాయి మూడుసార్లు అడిగాడు. ఎక్కడన్నా నొక్కుతోందా నాన్నగారూ అంటే తండ్రి ఇంకెవర్నో అడిగినట్టు ఇటూ అటూ చూసి, "నువ్వు చేసిందేగా. ఎందుకు నొక్కుతుంది?" అన్నాడు. అన్ని సంవత్సరాలుగా వినాలనుకున్న మాట అది. విన్నాడు. సంతోషించాలో ఏడవాలో తెలియక మోటారు దగ్గరికి వెళ్లి ఊరికే దాన్ని తిప్పుతూ కూర్చున్నాడు.

మూడు నెలలకి తాతగారి చొక్కా భుజాల మీంచి జారడం మొదలైంది. బెల్టుకి మేకుతో కొత్త రంధ్రం వేసుకున్నాడు, తర్వాత ఇంకొకటి. డాక్టరమ్మ పళ్లబ్బాయిని పిలిచి, ఆ వయసులో సెట్టు కింద పుండు అంతకాలం మానకుండా ఉంటే అది ఆటలు కాదని, ఈ నెలలోగా ఆయన్ని ఎలాగైనా కుర్చీలో కూర్చోబెట్టమని గట్టిగానే చెప్పింది. కూర్చోబెట్టడం ఎలా? రాత్రిపూట నీళ్ల గిన్నెలో పెట్టిన సెట్టు దొంగతనంగా తీసి గీకుదామంటే, ఎక్కడ గీకాలి? అది ఆ నోటికే తెలుసు.

అంతలో గ్రంథాలయం ఆవిడకి విసుగొచ్చింది. ఆవిడే అక్కడ అధికారి, ఆవిడే గుమాస్తా. బయట బల్ల మీద ఈ ఇద్దరి కేకలకి లోపల చదువుకునేవాళ్లు చెవుల్లో దూది పెట్టుకుంటున్నారు. అరిచేదేదో లోపలికి వచ్చి ఒక పద్ధతి ప్రకారం అరవండి అని శనివారం సాయంత్రం నాలుగింటికి సభ పెట్టింది. మనిషి చేయబడ్డాడా, మారుతూ వచ్చాడా అని తలుపు మీద కాగితం అంటించింది. మాస్టారు పళ్లబ్బాయి దగ్గరికి వచ్చి, ఒకే ఇంటి తాత, తండ్రి, మనవడి దవడలు మూడు అరువిమ్మన్నాడు. అతను ఇవ్వలేదు. జనం నోళ్లు బయటికి పంపించను మాస్టారూ అన్నాడు.

నలభై కుర్చీలు వేస్తే అరవైమంది వచ్చారు. పళ్లబ్బాయి తలుపు పక్కన ఆఖరి వరసలో కూర్చున్నాడు. భార్య పక్కనే కూర్చుంది. ఎదురుగా బల్ల, దాని మీద గంట, మంచినీళ్ల గ్లాసు. మాస్టారు మొదట మాట్లాడాడు. జ్ఞానదంతాల దగ్గర మొదలుపెట్టాడు. ఒకప్పుడు మనిషి గట్టివి నమిలేవాడు, దవడ పెద్దది, ఇప్పుడు దవడ చిన్నదైంది, పళ్లకి చోటు లేదు, ఒకేసారి కొలతపెట్టి చేసినవాడు ఉంటే చోటు చూసుకోకుండా పళ్లు పెడతాడా అన్నాడు. జనం నవ్వారు. తాతగారు లేచి, జ్ఞానం అందరికీ ఎందుకని కొందరికి ఇవ్వలేదేమో అన్నాడు. జనం ఇంకా గట్టిగా నవ్వారు. పళ్లబ్బాయి ఎవరి మాటకీ నవ్వలేదు. తండ్రి మాట్లాడుతూ ఎడమబుగ్గ లోపలికి లాక్కుంటున్నాడు. అతనికి అదొక్కటే కనిపిస్తోంది.

అనుకున్నట్టే తాతగారు కట్టుడు పళ్ల దగ్గరికి వచ్చాడు. చేసినవాడు, వరస, ఏడోరోజు, అన్నీ అయ్యాయి. ఆ తర్వాత ఎన్నడూ అననిది అన్నాడు.

"వీటిని చేసింది నా కొడుకు. అదుగో, ఆ తలుపు దగ్గర కూర్చున్నాడు. ఆ చేతి పనిలో లోపం లేదు."

బల్ల మీద గుద్దాడు. అరవైమందీ వెనక్కి తిరిగి చూశారు. పళ్లబ్బాయికి చెవులు వేడెక్కాయి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

మాస్టారు ఊరుకుంటాడా? అధ్యక్షులవారి అనుమతితో సాక్షిని ఒకమాట అడుగుతానన్నాడు. గ్రంథాలయం ఆవిడ గంట కొట్టి అడగమంది. మాస్టారికి తన తొమ్మిదిసార్లూ గుర్తున్నాయి. తాతగారివి కనీసం ఆరేడుసార్లన్నా గీకి ఉంటారని, అది తేలితే ఒక్కసారే కుదిరిందన్న మాట గాల్లో కలిసిపోతుందని ఆయన లెక్క.

"మీ నాన్నగారి సెట్టు ఎన్నిసార్లు అరగదీశావు నాయనా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

పళ్లబ్బాయి లేచాడు.

"ఒక్కసారి కూడా అరగదీయలేదండీ" అన్నాడు.

ఒకటే చప్పట్లు. మందిరంవాళ్లు కుర్చీల మీద దరువేశారు. మాస్టారి మొహం పాలిపోయింది. తాతగారు జారిపోతున్న చొక్కా భుజాల మీదికి లాక్కుని కొడుకుని చూశాడు. ఆ చూపులో ఏమీ దాచుకోలేదు. ఇరవై ఆరేళ్లకి వచ్చిన చూపు. పళ్లబ్బాయి చెప్పినదాంట్లో అబద్ధం కూడా లేదు. ఇక కూర్చుంటే చాలు. భార్య పక్కనుంచి చొక్కా అంచు పట్టుకుంది, కూర్చోమనో కూర్చోవద్దనో అతనికి అర్థం కాలేదు. ఇప్పుడు కూర్చుంటే తండ్రి ఆ పళ్లు ఇక ఎప్పటికీ తీసి చూపించడు. పాలలో రొట్టె తాగుతూ, బెల్టుకి రంధ్రాలు వేసుకుంటూ పోతాడు.

అతను కూర్చోలేదు.

"కానీ అరగదీయాలండీ. ఎడమపక్క కింద నొక్కుతోంది. మూడు నెలలుగా నాన్నగారు సరిగ్గా తినడం లేదు. లోపం నా పనిలోనే ఉంది. నేను చేసినవాటిలో మొదటిరోజు సరిపోయింది ఇంతవరకు ఒక్కటీ లేదు" అన్నాడు. అని, ఇంకేం చెప్పాలో తోచక, "మీరందరూ క్షమించాలి" అన్నాడు.

జనమంతా మాస్టారి వైపు తిరిగారు. గెలుపు మాస్టారి చేతిలోకి నడిచొచ్చింది. ఒక్కమాట చాలు. మాస్టారు తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, నాకింకేమీ ప్రశ్నలు లేవని కూర్చున్నాడు.

తాతగారు గ్లాసులో నీళ్లు ఒక గుక్క తాగాడు. తర్వాత జేబురుమాలు తీసి, జనానికి వీపు పెట్టి, సెట్టు తీసి, రుమాల్లో చుట్టి బల్ల మీద పెట్టాడు. ఇటు తిరిగాడు. ఆయనకి ఇచ్చిన సమయంలో ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. పన్నెండు నిమిషాలూ మాట్లాడాడు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. ఎవరూ లేవలేదు. మాస్టారు మాత్రం అన్నీ అర్థమవుతున్నట్టు తలూపుతూ కూర్చున్నాడు. ఇరుపక్షాలూ బాగా మాట్లాడారని గ్రంథాలయం ఆవిడ పుస్తకంలో రాసుకుంది.

ఇంటికొచ్చాక తాతగారు నేరుగా తన గదిలోకి వెళ్లాడు. రుమాలు మూట రేడియో పక్కన పెట్టాడు. మర్నాడు ఆదివారం, మందిరానికి వెళ్లలేదు. అలా వెళ్లకపోవడం ఎవరికీ గుర్తున్నంతలో అదే మొదటిసారి. పళ్లబ్బాయి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. నలుగురిలో తండ్రి తల వంచేశాను, ఏం కొడుకుని నేను అని తనని తనే తిట్టుకున్నాడు. భార్య ఓదార్చలేదు. "మామయ్యగారు పొద్దున్నించి ఉప్పునీళ్లు పుక్కిలించలేదు. అది చూసుకోండి ముందు" అంది.

సోమవారం పొద్దున పదింటికి వెనకగది గుమ్మంలో నీడ పడింది. పళ్లబ్బాయి మోటారు ఆపి తలెత్తాడు. తండ్రి. చేతిలో రుమాలు మూట. లోపలికి రాకుండా గోడ పొడవునా ఉన్న అరల్ని ఆ చివర్నుంచి ఈ చివరదాకా చూశాడు.

"ఇవన్నీ ఎవరివిరా?"

"ఊళ్లోవాళ్లవే నాన్నగారూ."

"ఇన్నా" అన్నాడు తాతగారు. లోపలికి వచ్చి, దుమ్ము తుడుచుకోకుండానే స్టూలు మీద కూర్చుని నోరు తెరిచాడు.

ఎడమపక్క కింద చిగురు మీద చిటికెనవేలి గోరంత పుండు. అంచులు తెల్లబడ్డాయి. అది చూడగానే పళ్లబ్బాయికి కళ్లలో నీళ్లొచ్చాయి. అవి పేస్టులో పడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాడు. పూశాడు, పెట్టాడు, తీశాడు. గులాబీరంగు తేలినచోట గీకాడు. మళ్లీ పెట్టాడు. తండ్రి దవడ ఆడించి చూసుకుని వేలుతో చూపించాడు.

"ఇక్కడ." కాసేపయ్యాక, "ఇక్కడ కూడా." ఇంకాసేపయ్యాక, "ఇదుగో, ఈ మూల మొదటిరోజు నుంచీ ఉంది."

మూడుసార్లు గీకాక తాతగారు మూతి తుడుచుకుని లేచాడు. గుమ్మందాకా వెళ్లి ఆగాడు.

"దేవుడికే ఆరు రోజులు పట్టింది. నీకు మొదటిరోజే ఎలా కుదురుతుందనుకున్నానో" అన్నాడు. కొట్టడానికి బల్ల దగ్గర్లో లేక తలుపు మీద ఒకటి వేశాడు.

బయట బెంచీ మీద చేతిసంచీతో మాస్టారు కూర్చుని ఉన్నాడు. ఎన్నోసారి అని అడిగాడు. మొదటిసారి అన్నాడు తాతగారు. నాది పదోసారి అన్నాడు మాస్టారు కాస్త గర్వంగా. మీ నోరు అలాంటిది అని తాతగారు వెళ్లిపోయాడు. పుండు మానడానికి మూడువారాలు, సెట్టు కుదరడానికి ఇంకో నాలుగుసార్లు పట్టింది. డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, ఇక భయం లేదంది.

ఆ సాయంత్రం పళ్లబ్బాయి పని ముగించుకుని వస్తుంటే, వీధిచివర కంకులు కాల్చే ఆవిడ దగ్గర ఇద్దరూ నిలబడి ఉన్నారు. తాతగారి చేతిలో కంకి. సగం అయిపోయింది. కొత్త ఉపన్యాసం నడుస్తోంది. ఈ గింజలు వాటంతట అవే వచ్చి వరసలో కూర్చున్నాయా అని తాతగారు. మొదట్లో కంకికి పట్టుమని పది గింజలుండేవి, తరతరాలుగా రైతులు మంచివి ఏరి ఏరి నాటుకుంటే ఇలా అయిందని మాస్టారు. అయితే ఎవరో ఒకరు కూర్చుని పేర్చారన్నమాటేగా అని తాతగారు. అంతలో కొడుకు కనిపించాడు. తాతగారు వాదన ఆపేసి, కంకిలో తినని వైపు కొడుకుకి తిప్పి చూపించాడు. మధ్యలో ఒక గింజ కొంచెం పక్కకి తిరిగి ఉంది.

"చూడరా" అన్నాడు. "అచ్చం నువ్వు పేర్చినట్టే ఉన్నాయి."